మూడు బీప్‌లు, రెండు అర్థాలు: స్క్రీన్ వెలగని కంప్యూటర్ మాట్లాడిన భాష

ఈ ఎపిసోడ్ ఒక శబ్దం గురించి.

పవర్ బటన్ నొక్కారు. ఫ్యాన్ తిరుగుతోంది, ముందు లైటు వెలిగింది, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. క్యాబినెట్ లోపల్నుంచి బీప్, బీప్, బీప్ అని మూడుసార్లు వచ్చి ఆగిపోయింది. మీరు తెలిసిన షాపుకి ఫోన్ చేసి "అన్నా, సిస్టం ఆన్ అవట్లేదు, కూస్తోంది" అన్నారు. అవతలి మనిషి అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్నిసార్లు తమ్ముడూ?" అని. ఇది చాలామంది అడుగుతారు. రెండో ప్రశ్న "అందులో ఎవరి బయోస్ ఉంది?" అని. ఇది అడిగేవాళ్లు తక్కువ. కానీ ఈ రెండోది తెలియకుండా మొదటిదానికి జవాబు చెప్పినా ప్రయోజనం లేదు.

ఎందుకో చెప్తాను. ఏఎమ్ఐ అనే కంపెనీ బయోస్ పట్టికలో మూడు బీప్‌లు అంటే మెమరీ సమస్య. అదే డెల్ కంపెనీ చాలా మోడళ్లకి ఇచ్చిన పట్టికలో మూడు బీప్‌లు అంటే మదర్‌బోర్డు సమస్య. మొదటిది ర్యామ్ తీసి మళ్లీ పెడితే పైసా ఖర్చు లేకుండా పోవచ్చు. రెండోది వేలల్లో బిల్లు. శబ్దం ఒకటే, అర్థం వేరు, మీ జేబు మీద పడే బరువు కూడా వేరు.

ఒకే రకం మెషీన్లు, ఒకే రకం చిప్‌లు, మరి ఇన్ని భాషలు ఎందుకు పుట్టాయి? దానికి టెక్నికల్ కారణం కంటే చట్టపరమైన కారణమే పెద్దదని నా అభిప్రాయం. అక్కడికి వెళ్లాలంటే 1981 నుంచి మొదలుపెట్టాలి.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ని ప్రకటించింది. మోడల్ నంబర్ 5150. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం బోకా రాటన్‌లో ఒక చిన్న టీమ్ తయారుచేసిన మెషీన్ ఇది. ప్రారంభ ధర 1,565 డాలర్లు. ఆ ధరకి వచ్చేది 16 కిలోబైట్ల మెమరీ. మానిటర్ కూడా అందులో లేదు, విడిగా కొనుక్కోవాలి. ఈ మానిటర్ సంగతి గుర్తుపెట్టుకోండి, మన కథకి అదే ముఖ్యం.

కంప్యూటర్ ఆన్ అవగానే తనని తాను పరీక్షించుకోవాలి. దాన్నే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్ అంటారు, పొట్టిగా పోస్ట్. ఈ పని చేసే ప్రోగ్రామే బయోస్. విండోస్ లాంటివి రాకముందే, మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో కూర్చుని నడిచే ప్రోగ్రాం. పరీక్షలో తప్పు దొరికితే మనకి చెప్పాలి కదా? మామూలుగా అయితే స్క్రీన్ మీద ఒక నంబర్ చూపిస్తుంది. ఐబీఎం అలాంటి నంబర్లు పెట్టింది కూడా. 201 అంటే మెమరీ, 301 అంటే కీబోర్డు, 601 అంటే ఫ్లాపీ. మరి స్క్రీన్‌కి బొమ్మ పంపే కార్డే పాడైతే? అసలు కార్డు పెట్టడమే మర్చిపోతే? "నాకు చూపు లేదు" అన్న వాక్యాన్ని చూపించలేం కదా.

అప్పుడు మిగిలింది లోపలున్న స్పీకర్. రెండుంపావు అంగుళాల మామూలు స్పీకర్. పాటల కోసం పెట్టింది కాదు, ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కానీ దాని గొప్పతనం ఏంటంటే, అది పని చేయడానికి పెద్దగా ఏదీ అక్కర్లేదు. సౌండ్ కార్డు వద్దు, డ్రైవర్ వద్దు, వీడియో కార్డు వద్దు. ఇంటెల్ 8253 అనే టైమర్ చిప్‌కి ఒక అంకె ఇచ్చి, ఇంకో చోట రెండు బిట్లు ఆన్ చేస్తే చాలు, మోగుతుంది.

ఆ టైమర్ చిప్ గురించి ఒక్క నిమిషం. బోర్డు మీద ఒక క్రిస్టల్ ఉంటుంది, దాని వేగం 14.318 మెగాహెర్ట్జ్. ఈ వింత అంకె ఎక్కడిదంటే, అమెరికా కలర్ టీవీ సిగ్నల్‌కి వాడే ఫ్రీక్వెన్సీకి సరిగ్గా నాలుగు రెట్లు. దాన్ని 3తో భాగిస్తే ప్రాసెసర్‌కి కావాల్సిన 4.77 మెగాహెర్ట్జ్ వచ్చింది. 12తో భాగిస్తే టైమర్‌కి 1.193 మెగాహెర్ట్జ్ వచ్చింది. ఆ టైమర్‌లో మూడు ఛానళ్లు. ఒకటి గడియారం కోసం. ఒకటి మెమరీ రిఫ్రెష్ కోసం, ఎందుకంటే డైనమిక్ ర్యామ్‌ని పదే పదే రిఫ్రెష్ చేయకపోతే అందులో ఉన్నది ఆవిరైపోతుంది. మూడోది స్పీకర్ కోసం. అంటే ఆ బీప్, కంప్యూటర్ గుండె కొట్టుకునే చిప్ నుంచే వస్తోందన్నమాట.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఐబీఎం ఆ బయోస్ ప్రోగ్రాం మొత్తాన్ని, వరుస తప్పకుండా, తన టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్‌లో అచ్చువేసి అమ్మింది. అందులో బీప్ కొట్టే భాగం దగ్గర టైమర్‌కి ఇచ్చిన అంకె హెక్సాలో 533, మన లెక్కలో 1331. పక్కన కామెంట్‌లో ఇది 1000 హెర్ట్జ్ కోసం అని రాసి ఉంది. మీరే లెక్కేయండి. 11,93,182ని 1331తో భాగిస్తే దాదాపు 896 వస్తుంది. 1000 రాదు. కోడ్ ఒకటి చెప్తుంది, కామెంట్ ఇంకోటి చెప్తుంది. ఐటీలో పనిచేసిన ఎవరికైనా ఇది చూస్తే ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 1981లో కూడా అంతే.

సరే, ఆ ప్రోగ్రాం ఏ వరుసలో నడుస్తుందో చూద్దాం. ముందు ప్రాసెసర్ తన రిజిస్టర్లని తానే పరీక్షించుకుంటుంది. తర్వాత బయోస్ చిప్‌లో ఉన్నది చెక్కుచెదరకుండా ఉందా అని కూడి చూస్తుంది. ఈ రెండింట్లో తప్పు వస్తే బీప్ కూడా ఉండదు. ప్రాసెసర్ అక్కడికక్కడే ఆగిపోతుంది, అంతే. తన మీద తనకే నమ్మకం లేనప్పుడు ఇంకొకరి మీద ఫిర్యాదు ఎలా చేస్తుంది? అందుకే మెకానిక్‌లు బీప్ కంటే నిశ్శబ్దానికి ఎక్కువ భయపడతారు. ఆ గండం గట్టెక్కాక టైమర్, మొదటి కొంత మెమరీ, ఇంటరప్ట్ కంట్రోలర్, వీడియో, మిగతా మెమరీ, కీబోర్డు, ఇలా వెళ్తుంది. మధ్యలో తప్పు దొరికితే పొడుగు బీప్, పొట్టి బీప్ కలిపి కొట్టే ఒక చిన్న రొటీన్ ఉంది. కామెంట్ ప్రకారం పొడుగుది 3 సెకన్లు, పొట్టిది 1 సెకను. ఒక పొడుగు, ఒక పొట్టి అయితే మదర్‌బోర్డు. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే డిస్‌ప్లే. అంతా బాగుంటే ఒక్క పొట్టి బీప్. పాత సినిమా థియేటర్లో ఆట మొదలయ్యే ముందు గంట కొట్టినట్టు.

అంటే ఐబీఎం దగ్గర ఈ భాష చాలా చిన్నది. నాలుగైదు మాటలు, అంతే. గందరగోళం తర్వాత వచ్చింది.

బయోస్ మొత్తం అచ్చువేసి అమ్మితే ఏమవుతుంది? అందరూ చదువుతారు. కార్డులు తయారుచేసేవాళ్లకి, ప్రోగ్రాంలు రాసేవాళ్లకి అది చాలా ఉపయోగపడింది. కానీ కాపీరైట్ ఐబీఎందే. చదవొచ్చు, కాపీ కొట్టకూడదు. మిగతా విడిభాగాలన్నీ దాదాపుగా మార్కెట్‌లో దొరికేవే. ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, డాస్ మైక్రోసాఫ్ట్ దగ్గర కొనుక్కోవచ్చు. ఐబీఎం సొంత ఆస్తి అని చెప్పుకోదగ్గది ఆ 8 కిలోబైట్ల బయోస్. కోట మొత్తానికి తాళం అక్కడుంది.

కాంపాక్ 1982 నవంబర్‌లో తన పోర్టబుల్‌ని ప్రకటించింది. వాళ్లు ఐబీఎం కోడ్ ముట్టుకోకుండా బయోస్‌ని సొంతంగా మళ్లీ రాయించుకున్నారు. అంత ఓపిక లేని కంపెనీలూ ఉన్నాయి. ఈగల్, కరోనా డేటా సిస్టమ్స్ అనే రెండు కంపెనీల మీద ఐబీఎం బయోస్ కాపీరైట్ విషయంలో దావా వేసింది. 1984 మొదట్లో వాళ్లు రాజీకొచ్చి, కోడ్ మారుస్తామని ఒప్పుకున్నారు. (కరోనా అన్న పేరు విని నవ్వకండి, అది 1980ల సంగతి.)

అదే 1984లో మసాచుసెట్స్‌కి చెందిన ఫీనిక్స్ కంపెనీ ఒక పద్ధతి పట్టుకుంది. క్లీన్ రూమ్ అంటారు. ఒక బృందం ఐబీఎం బయోస్‌ని చదివి, అది ఏమేం చేస్తుందో మాత్రమే రాసి ఇస్తుంది, ఎలా చేస్తుందో రాయదు. ఐబీఎం కోడ్‌ని ఎప్పుడూ చూడని ఇంకో ప్రోగ్రామర్ ఆ కాగితం మాత్రమే చూసి కోడ్ రాస్తాడు. దానికోసం వాళ్లు ఇంటెల్ చిప్‌ల మీద అనుభవమే లేని, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ప్రాసెసర్ మీద పనిచేసిన మనిషిని తెచ్చుకున్నారు. అనుభవం లేకపోవడమే అర్హత అయిన ఉద్యోగం నాకు తెలిసి ఇదొక్కటే. అలా తయారైన బయోస్‌ని ఫీనిక్స్ ఎవరికి కావాలంటే వాళ్లకి లైసెన్స్ ఇచ్చింది. ఆ తర్వాత వరద వచ్చినట్టు క్లోన్ కంప్యూటర్లు వచ్చాయి.

ఇప్పుడు బీప్ దగ్గరికి వద్దాం. కొత్త బయోస్ రాసేవాడు దేన్ని ఐబీఎంలాగే ఉంచాలి? ప్రోగ్రాంలు ఆధారపడే ప్రతిదాన్నీ. ఏ ఇంటరప్ట్ పిలిస్తే ఏం జరగాలి, ఏ అడ్రస్‌లో ఏముండాలి, ఇవి వెంట్రుకవాసి తేడా వచ్చినా లోటస్ 1-2-3 లాంటివి నడవవు. కానీ బీప్‌ని వినే ప్రోగ్రాం ప్రపంచంలో లేదు. దాన్ని వినేది మనిషి మాత్రమే. మనిషికి తేడా వస్తే సాఫ్ట్‌వేర్ ఆగిపోదు కాబట్టి దాన్ని ఒకేలా ఉంచాలన్న ఒత్తిడి ఎవరి మీదా పడలేదు. స్టాండర్డ్ లేదు, కమిటీ లేదు. ఎవరికి తోచిన పట్టిక వాళ్లు రాసుకున్నారు. మెషీన్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి, మనకి చెప్పే మాట దగ్గర మాత్రం విడిపోయాయి.

ఫీనిక్స్ వాళ్లు గుంపులుగా బీప్‌లు పెట్టారు. ఒకటి, ఆగి మూడు, ఆగి ఒకటి, అలా. తర్వాతి వెర్షన్లలో అది నాలుగు గుంపులైంది. 1-3-1-1 అంటే మెమరీ రిఫ్రెష్ పరీక్ష. 1-2-2-3 అంటే బయోస్ చిప్ చెక్‌సమ్. మొదటిసారి చూస్తే ఇవి ఎవరో మంత్రం రాసినట్టు ఉంటాయి. కానీ వెనక ఒక చక్కటి లెక్క ఉంది. ప్రతి పరీక్షకీ లోపల ఒక బైట్ నంబర్ ఉంటుంది. రిఫ్రెష్ పరీక్ష నంబర్ హెక్సాలో 20. దాన్ని బైనరీలో రాస్తే 0010 0000. రెండేసి బిట్ల చొప్పున నాలుగు ముక్కలు చేయండి: 00, 10, 00, 00. అంటే 0, 2, 0, 0. ప్రతిదానికీ ఒకటి కలపండి: 1, 3, 1, 1. అదే బీప్ కోడ్! ఒకటి ఎందుకు కలపాలి? సున్నాసార్లు బీప్ కొడితే ఎవరికీ వినపడదు కదా. కావాలంటే హెక్సా 16తో చేసి చూడండి, 1-2-2-3 వస్తుంది.

ఈ నంబర్లనే 80 హెక్సా అనే పోర్టుకి పంపే అలవాటు ఐబీఎం 1984లో తెచ్చిన ఏటీ మోడల్‌తో మొదలైంది. ఆ పోర్టుకి వచ్చిన అంకెని రెండు ఎర్రటి అక్షరాల్లో చూపించే కార్డులు తర్వాత వచ్చాయి. మన రిపేర్ షాపుల్లో డీబగ్ కార్డ్ అంటారు. బీప్ అయినా ఆ కార్డు అయినా చెప్పేది చాలాసార్లు ఒకే కబురు. ఒకటి చెవికి, ఇంకోటి కంటికి.

రెండో పెద్ద పేరు ఏఎమ్ఐ, అంటే అమెరికన్ మెగాట్రెండ్స్. దీన్ని 1985లో స్థాపించింది సుబ్రమోనియన్ శంకర్, పాట్ శర్మ. పేర్లు విన్నారుగా. వాళ్ల మొదటి కస్టమర్ పీసీస్ లిమిటెడ్, అదే తర్వాత డెల్ అయింది. మన దగ్గర అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్‌లలో ఆన్ చేయగానే మూలన ఏఎమ్ఐ లోగో చూసినవాళ్లు ఎంతమందో. వీళ్ల పద్ధతి సూటిగా ఉంటుంది, లెక్కపెట్టుకోవడమే. ఒకటి రిఫ్రెష్, రెండు పారిటీ, మూడు మొదటి 64 కిలోబైట్ల మెమరీ, నాలుగు టైమర్, ఐదు ప్రాసెసర్, ఆరు కీబోర్డు కంట్రోలర్, ఎనిమిది డిస్‌ప్లే మెమరీ, తొమ్మిది బయోస్ చెక్‌సమ్. ఇక్కడ తమాషా చూడండి. ఐబీఎంలో ఒక్క బీప్ అంటే అంతా క్షేమం. ఏఎమ్ఐ పట్టికలో ఒక్క బీప్ అంటే మెమరీ రిఫ్రెష్ పోయింది! తేడా ఎలా తెలుస్తుందంటే, బీప్ తర్వాత స్క్రీన్ మీద బొమ్మ వస్తే క్షేమం, రాకపోతే కాదు.

మూడోది అవార్డ్. వాళ్లు ఐబీఎంకి దగ్గరగా ఉండిపోయారు. ఒక పొడుగు, రెండు పొట్టి అంటే వీడియో. ఆగకుండా పొడుగు బీప్‌లు వస్తే మెమరీ. 1998లో అవార్డ్ వెళ్లి ఫీనిక్స్‌లో కలిసిపోయింది, కానీ ఆ తర్వాత కూడా బోర్డుల మీద రెండు భాషలూ కొనసాగాయి. యాపిల్ వాళ్ల దారి పూర్తిగా వేరు. మాక్‌లో తప్పు వస్తే విచారంగా ఉన్న చిన్న మాక్ బొమ్మ, కొన్ని మోడళ్లలో స్వరాలు, తొలి పవర్ మాక్‌లలో ఏకంగా కారు గుద్దుకున్న చప్పుడు. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా సరుకు.

మన దగ్గర ఈ బీప్‌లు ఎవరికి అక్కరకొచ్చాయి? సికింద్రాబాద్‌లో సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్, ఇలాంటి చోట్ల విడిభాగాలు కొని బిగించుకున్న మెషీన్లే ఒకప్పుడు ఇంటింటికీ వెళ్లాయి. బ్రాండెడ్ కొంటే కంపెనీ మనిషి వస్తాడు. అసెంబుల్డ్ కొంటే మీకు దిక్కు ఆ షాపు కుర్రాడే. బీప్ పట్టిక ఉండేది మదర్‌బోర్డుతో వచ్చే చిన్న పుస్తకంలో. ఆ పుస్తకం కొన్నవాడి చేతికి చేరడం అరుదు, చేరినా ఇంగ్లిష్‌లో ఉండేది. కాబట్టి ఆ భాష వచ్చినవాడికీ రానివాడికీ మధ్య తేడా నేరుగా డబ్బులో కనిపించేది.

నేను బీటెక్ రెండో ఏడాదిలో ఉండగా సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెస్క్‌టాప్ ఒకటి ఉండేది. ఒక వానాకాలం పొద్దున ఆన్ చేస్తే ఆగకుండా పొడుగు బీప్‌లు. ఊళ్లో ఒక షాపుకి తీసుకెళ్తే, మూత కూడా విప్పకుండా "బోర్డు పోయింది, 3,500 అవుతుంది" అన్నారు. మా నాన్నగారు సరే అనబోయారు. నేను వద్దని ఇంటికి తెచ్చేశాను. బోర్డు మీద చిప్‌కి అవార్డ్ అని స్టిక్కర్ ఉంది. ర్యామ్ తీసి, కాంటాక్ట్‌ల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, పక్క స్లాట్‌లో పెడితే ఆన్ అయింది. ఆ మెషీన్ మీదే నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కూడా రాశాను. ఆ షాపాయన మోసం చేశాడని నేను అనను, వినే అలవాటు లేకపోయుండొచ్చు. కానీ 3,500 మా ఇంట్లో అప్పుడు చిన్న మొత్తం కాదు.

రబ్బరు గురించి ఒక మాట. గట్టిగా రుద్దితే పైపూత పోతుంది, రబ్బరు పొడి స్లాట్‌లో ఇరుక్కుంటుంది. ముందు ఊరికే తీసి పెట్టి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. ప్లగ్ పీకేసి, క్యాబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో తాకి, అప్పుడే ర్యామ్ ముట్టుకోండి.

ఇంకో విషయం. బీప్ ఏ పార్టు పోయిందో చెప్పదు, ఏ పరీక్ష తప్పిందో చెప్తుంది. మెమరీ పరీక్ష తప్పిందంటే ర్యామ్ స్టిక్ పోయి ఉండొచ్చు, స్లాట్ పోయి ఉండొచ్చు, మెమరీని నడిపే చిప్పే పోయి ఉండొచ్చు. అందుకే అనుభవం ఉన్న మెకానిక్ ఒక పని చేస్తాడు. మెషీన్ బొత్తిగా నిశ్శబ్దంగా ఉంటే ర్యామ్ మొత్తం పీకేసి ఆన్ చేస్తాడు. అప్పుడు బీప్ వచ్చిందనుకోండి, అతని మొహం వెలుగుతుంది. మెమరీ లేదని మొత్తుకుంటోందంటే ప్రాసెసర్ బతికే ఉంది, బయోస్ బతికే ఉంది, బోర్డులో చాలా భాగం బతికే ఉంది. కావాలని తప్పు చేసి, తిట్టించుకుని, తిట్టిన గొంతుని బట్టి ప్రాణం ఉందని తెలుసుకోవడం. ర్యామ్ లేకపోయినా నోరు మెదపలేదంటే అప్పుడు పవర్ సప్లై, ప్రాసెసర్, బోర్డు మీద అనుమానం పెట్టుకోవాలి.

ఇప్పుడు కొత్త క్యాబినెట్ కొంటే చాలావాటిలో ఆ స్పీకర్ ఉండదు. బోర్డు మీద స్పీకర్ అని రాసిన నాలుగు పిన్నులు మాత్రం చాలావాటిలో ఇంకా ఉన్నాయి, వాటికి తగిలించే బజ్జర్ విడిగా కొనాలి. పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు పెడుతున్నారు, ఏది వెలిగి ఆగితే తప్పు అక్కడ. డెల్ ల్యాప్‌టాప్‌లలో లైటు తెలుపు, కాషాయం రంగుల్లో మినుకుమంటుంది. హెచ్‌పీ వాటిలో క్యాప్స్ లాక్ లైటు ఆరి వెలుగుతుంది. లెనోవో కొన్ని మోడళ్లలో చిన్న రాగం లాంటిది వాయించి, దాన్ని ఫోన్ యాప్‌తో వినిపిస్తే అర్థం చెప్పేలా చేసింది.

ఆ నాలుగు లైట్లు బీప్ కంటే తేలిక, ఒప్పుకుంటాను. పట్టిక అక్కర్లేదు, పేరు పక్కనే రాసి ఉంటుంది. కానీ వాటిని చూడాలంటే క్యాబినెట్ మూత తెరవాలి. చూపు లేనివాళ్లకి ఆ లైటు ఎంత వెలిగినా ఒకటే. ఒక చిన్న బజ్జర్‌ని మిగుల్చుకోవడం కోసం ఆ గొంతుని క్యాబినెట్ నుంచి తీసేయడం నాకు నచ్చలేదు. ఇంకో ఇబ్బంది, ఫోన్‌లో దూరం నుంచి సాయం చేయడం. బీప్ అయితే ఫోన్ మెషీన్ దగ్గర పెట్టి "వినండి" అంటే చాలు. ఊళ్లో అమ్మకి "మదర్‌బోర్డు మీద కుడివైపు పైన చిన్న తెల్లలైటు చూడమ్మా" అని చెప్పి చూడండి.

మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ మూలన పడి ఉండి, ఆన్ చేస్తే కూస్తుంటే, ముందు ఆ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఒకసారి వింటే పొడుగేదో పొట్టేదో పట్టుకోలేం, రెండుమూడుసార్లు వినాలి, గుంపుల మధ్య విరామం కూడా లెక్కలోకి వస్తుంది. తర్వాత బోర్డు మోడల్ నంబర్ చూసుకుని ఆ బోర్డు మాన్యువల్‌లో ఉన్న పట్టికే చూడండి, వేరే కంపెనీ పట్టిక వద్దు. ఆ తర్వాతే షాపుకి ఫోన్ చేయండి. "కూస్తోంది" అనకుండా "అవార్డ్ బయోస్, ఒక పొడుగు, రెండు పొట్టి" అని చెప్పండి. అవతలివాళ్ల గొంతు కొంచెం మారుతుంది, అది కూడా వినండి. వచ్చే ఎపిసోడ్‌లో మాక్ కారు గుద్దుడు చప్పుడుతో కలుద్దాం, ఉంటాను.